పిల్లల సైన్స్ పోటీలు, అవార్డులు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

సైన్స్ ఎగ్జిబిషన్ల సీజన్ వచ్చిందంటే గైడ్ టీచర్లకు ఫోన్ల మీద ఫోన్లు. ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట దాకా అడిగేవాళ్లు వేరైనా అడిగేవి మాత్రం ఇంచుమించు ఇవే. తల్లిదండ్రులు, పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు, అందరి ప్రశ్నలూ ఒకే చోట పెట్టాను. తేదీలు ఏటా కాస్త అటూ ఇటూ అవుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ తప్పకుండా చూసుకోండి.

మా పాప ఏడో తరగతి. సైన్స్ అంటే ప్రాణం. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఇన్‌స్పైర్ మనక్ నుంచి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి నడిపే పథకం ఇది. మొదట్లో 6 నుంచి 10వ తరగతి వరకే ఉండేది, ఇప్పుడు ఇంటర్ పిల్లలకూ అవకాశం ఇచ్చారు. ఫీజు లేదు. సర్కారు బడి, ప్రైవేటు బడి అన్న తేడా కూడా లేదు.

పద్ధతి ఇలా ఉంటుంది. ముందు స్కూల్లో పిల్లల దగ్గర ఆలోచనలు తీసుకోవాలి. వాటిలో మంచివి ఐదింటి వరకు హెచ్‌ఎం గారు ఆన్‌లైన్‌లో నామినేట్ చేస్తారు. దేశం మొత్తం మీద లక్ష ఆలోచనల దాకా ఎంపిక చేయడం పథకం లక్ష్యం. ఎంపికైన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ 10,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. ఆ డబ్బుతో నమూనా తయారుచేసి జిల్లా ప్రదర్శనకు వెళ్లాలి. అక్కడ నెగ్గితే రాష్ట్రం, ఆ తర్వాత జాతీయ స్థాయి. రాష్ట్రంలో గెలిచిన పిల్లల నమూనాలను మెరుగుపరచడానికి ఇంజినీర్ల సాయం కూడా అందుతుంది. చివరికి జాతీయ స్థాయిలో 60 మందిని ఎంపిక చేస్తారు. ఇక్కడ మెరిసిన పిల్లల్లో కొందరు సకురా కార్యక్రమం కింద జపాన్ కూడా వెళ్లొచ్చారు.

నామినేషన్లు బడులు తెరిచాక మొదలై సాధారణంగా సెప్టెంబరు దాకా సాగుతాయి. ఆఖరి రోజున వెబ్‌సైట్ మొరాయిస్తుంది. ఆగస్టులోనే పని ముగించుకోండి.

ఎంపికైనట్టు మెసేజ్ వచ్చింది, డబ్బు మాత్రం పడలేదు. ఎందుకు?

నూటికి తొంభై సందర్భాల్లో పేరులోనే తిరకాసు ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు వెనక. లేదంటే ఖాతా వాడక నిలిచిపోయి ఉంటుంది. నామినేషన్ వేసే రోజే పిల్లల పాస్‌బుక్, ఆధార్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. ఈ పని టీచర్లు పిల్లల మీద వదిలేయకూడదు.

మార్కెట్‌లో రెడీమేడ్ మోడల్ కొని పంపితే తప్పా? అందరూ అదే చేస్తున్నారు కదా!

తప్పే. చాలా పెద్ద తప్పు. ఎందుకో చెబుతాను.

జిల్లా ఎగ్జిబిషన్లో ఏ హాల్లోకి వెళ్లినా సిరంజీలతో కదిలే జేసీబీ, వెనిగర్‌తో పొంగే అగ్నిపర్వతం, లైట్లు వెలిగే స్మార్ట్ సిటీ కనిపిస్తాయి. థర్మాకోల్ మీద రంగులు అదిరిపోతుంటాయి. జడ్జి వచ్చి "ఈ గొట్టం బదులు సన్న గొట్టం పెడితే ఏమవుతుందమ్మా?" అని అడుగుతారు. పిల్ల టీచర్ ముఖం వైపు చూస్తుంది. అక్కడితో ఆ మోడల్ పని అయిపోయింది. పక్క బల్ల మీద మరో పిల్ల ఉంటుంది. అట్టపెట్టె, రెండు ప్లాస్టిక్ సీసాలు, నూనె మరకలు పడిన ఒక నోటుపుస్తకం, అంతే ఆమె సరంజామా. వాళ్ల అమ్మ చెరిగే చేట బరువెంత, గంటకు ఎన్నిసార్లు నడుం వంగుతుంది, చేట కింద ఆసరా పెడితే ఎంత తగ్గింది, అన్నీ అంకెల్లో రాసి ఉంటాయి. జడ్జి ఆ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంటారు. నేను చూసిన ప్రదర్శనల్లో ముందుకెళ్లినవి దాదాపు అన్నీ ఇలాంటి ప్రాజెక్టులే.

ప్రశ్న పిల్లలది కావాలి. పెద్దవాళ్లం సాయం చేయాల్సింది ఆ ప్రశ్నను అంకెలుగా మార్చే దగ్గర, స్క్రూలు బిగించే దగ్గర. ఆలోచన కూడా మనమే ఇచ్చేస్తే గెలిచినా ఆ పిల్లకు మిగిలేది ఒక షీల్డే.

ఏటి సార్, మా ఊళ్లో ఏముందని ప్రాజెక్టు చేయాలి?

ఈ ప్రశ్న అడిగిన పిల్లలంటే నాకు చాలా ఇష్టం. మన రెండు జిల్లాల్లో ఉన్నన్ని ప్రశ్నలు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు.

అరసవల్లినే తీసుకోండి. మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో ఉదయపు కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయని జిల్లాలో చిన్నపిల్లలకూ తెలుసు. మరి ఏడాదికి రెండుసార్లే ఎందుకు? పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు మార్చి 20 ప్రాంతంలో ఒకటి, సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో ఒకటి వస్తాయి. మొదటిదానికి పదిరోజుల ముందు, రెండోదానికి పదిరోజుల తర్వాత సూర్యుడు ఆకాశంలో దాదాపు ఒకే చోట, భూమధ్యరేఖకు కొద్దిగా దక్షిణాన ఉంటాడు. ఉత్తరానికి వెళుతూ ఒకసారి, దక్షిణానికి తిరిగొస్తూ ఒకసారి. ఆ రోజుల్లో మన దగ్గర సూర్యోదయం కచ్చితమైన తూర్పుకు నాలుగైదు డిగ్రీలు దక్షిణంగా జరుగుతుంది. డిసెంబరు ఆఖర్లో అది దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి, జూన్‌లో అంతే ఉత్తరానికి జరిగిపోతుంది. దీన్ని నిరూపించడానికి గుడిలోకి వెళ్లక్కర్లేదు. మేడ మీద ఒక కర్ర నిలువుగా పాతి, వారానికోసారి పొద్దు పొడవగానే దాని నీడ ఎటు పడుతోందో సుద్దముక్కతో గీసి, కోణమానినితో కొలిస్తే చాలు. సూర్యుడి వైపు చూడొద్దు, నీడనే చూడాలి. ఆరు నెలలు ఓపిక పట్టిన పిల్లల చేతిలో ఖగోళశాస్త్రం ప్రాజెక్టు తయారుగా ఉంటుంది. శ్రీకాకుళం సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారం చివర్లో ఒకసారి, జూలై ఆఖర్లో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం అదే కర్ర నీడ మాయమైపోతుంది. అది కూడా పట్టుకుంటే ఇంకా మంచిది.

పొందూరులో పత్తిని దువ్వడానికి ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి వెళ్లిన పీచుకూ, మామూలు పీచుకూ తేడా ఏమిటి? కాగితంతో మడిచి చేసే ఫోల్డ్‌స్కోప్ మైక్రోస్కోప్ కింద పెట్టి ఫోన్‌తో ఫొటో తీయొచ్చు. అది సుమారు 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. అక్కడి అవ్వలను అడిగితే పిల్లలకు ఎంతో ఓపిగ్గా చెబుతారు.

విజయనగరం వైపు పిల్లలైతే బొబ్బిలి వీణ. పనస కొయ్యతో చేస్తారు, 24 మెట్లు ఉంటాయి. పన్నెండో మెట్టు దగ్గర తీగ సగం అవుతుంది, ధ్వని పౌనఃపున్యం రెట్టింపు అవుతుంది. మిగతా మెట్ల మధ్య దూరం ఏ లెక్కన తగ్గుతూ వస్తోంది? స్కేలు, ఫోన్‌లో ఉచితంగా దొరికే ఫైఫాక్స్ యాప్, ఇవి రెండూ ఉంటే లెక్క తేలుతుంది. యాప్ ధ్వని పౌనఃపున్యం కొలుస్తుంది. తయారుచేసేవాళ్లు చెవితో పెట్టిన మెట్లు ఫార్ములాకు ఎంత దగ్గరగా ఉన్నాయో చూసినప్పుడు పిల్లల కళ్లు పెద్దవవుతాయి.

టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షులు, పలాస జీడి తొక్కల నుంచి వచ్చే నూనె, చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు గనుల చుట్టుపక్కల నేల, తిత్లీ తుపానులో పడిపోయిన కొబ్బరి తోటలు మళ్లీ కోలుకున్న తీరు. ఒక్కోదాంట్లో నాలుగేసి ప్రాజెక్టులున్నాయి. జీడి తొక్క నూనె చర్మం మీద పడితే కాలి బొబ్బలెక్కుతుంది కాబట్టి పెద్దవాళ్లు, చేతి తొడుగులు లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

మాది కవిటి మండలం. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ప్రాజెక్టు చేయొచ్చా?

చేయొచ్చు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న పిల్లలు ఈ ప్రశ్న అడిగినప్పుడు కాదనే మనసు రాదు. అయితే జాగ్రత్తగా చేయాలి.

ఏళ్ల తరబడి దేశ, విదేశీ నిపుణులు పరిశోధించినా ఇక్కడి జబ్బుకు ఇదీ కారణం అని ఒక్కదాన్ని తేల్చలేదు. నీళ్లలో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో పని చేస్తూ ఒంట్లో నీరు తగ్గిపోవడం, నొప్పి మాత్రల వాడకం, ఇలా ఎన్నో అనుమానాలున్నాయి. అందుకే "మా ఊరి నీళ్ల వల్లే జబ్బు వస్తోంది" అని చార్టు మీద రాయకండి. జడ్జి ఒక్క ప్రశ్నతో పడగొట్టేస్తారు. అంతకంటే ముఖ్యంగా, ఆ మాట ఊళ్లో లేనిపోని భయాలు రేపుతుంది.

చిన్న ప్రశ్న పెట్టుకోండి. "మా వీధిలో పది బోర్లలో కరిగిన లవణాలు వానాకాలానికీ ఎండాకాలానికీ ఎంత మారుతున్నాయి?" నీళ్లలో కరిగిన మొత్తం లవణాలను (టీడీఎస్) కొలిచే మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఒక్కో బోరు దగ్గర మూడేసి రీడింగులు తీసుకుని సగటు కట్టండి. తేదీ, సమయం, బోరు లోతు రాసుకోండి. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 2,000 వరకు అనుమతి. ఫ్లోరైడ్‌కైతే 1.0, గరిష్ఠంగా 1.5. టీడీఎస్ మీటరు మొత్తం లవణాల అంచనా మాత్రమే చెబుతుంది. సిలికా ఎంత, పురుగుమందు ఎంత అన్నది దానితో తెలియదు. ఈ మాట రిపోర్టులో మీరే రాయండి. పరికరం పరిమితి ఒప్పుకున్న పిల్లలను జడ్జీలు గౌరవిస్తారు. ఫ్లోరైడ్ కోసం గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌కు హెచ్‌ఎం గారి లెటర్‌తో శాంపిల్ పంపండి.

రోగుల పేర్లు, రిపోర్టులు, ఫొటోలు మాత్రం చార్టుల మీద పెట్టొద్దు. పక్కింటివాళ్లయినా సరే.

బాలల సైన్స్ కాంగ్రెస్‌కూ ఇన్‌స్పైర్‌కూ తేడా ఏమిటి?

ఇన్‌స్పైర్‌లో వస్తువు తయారవ్వాలి. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో పరిశోధన జరగాలి. 1993లో మొదలైన ఈ కార్యక్రమంలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు ఇద్దరేసి జట్టుగా, ఇచ్చిన ప్రధాన అంశం కింద తమ ఊరి సమస్యను ఎంచుకుని అధ్యయనం చేసి రిపోర్టు రాయాలి. బడి మానేసిన పిల్లలకూ ఇందులో చోటుంది. ఆ ఒక్క నిబంధన కోసమైనా ఈ కార్యక్రమాన్ని మెచ్చుకోవాలి. మన రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ శాస్త్ర సాంకేతిక మండలి, అంటే ఆప్‌కాస్ట్ సమన్వయం చేస్తుంది.

ఇక్కడ లాగ్‌బుక్కే ప్రాణం. ఏ రోజు ఏం చేశారు, ఏం తప్పింది, ఎందుకు పద్ధతి మార్చారు, అన్నీ చేత్తో రాయాలి. ఆఖరి వారంలో కూర్చుని ఒకే పెన్నుతో రాసిన లాగ్‌బుక్ చూడగానే తెలిసిపోతుంది.

ఇవి కాక ఎన్‌సీఈఆర్‌టీ తరఫున జరిగే బాల వైజ్ఞానిక ప్రదర్శన, దక్షిణాది రాష్ట్రాల సైన్స్ ఫెయిర్ కూడా ఉన్నాయి. దక్షిణ భారత సైన్స్ ఫెయిర్‌లో టీచర్లకు విడిగా ఒక విభాగం ఉంటుంది. మన టీచర్లు దాన్ని ఇంకా బాగా వాడుకోవాలి.

చెకుముకి, కౌశల్, విద్యార్థి విజ్ఞాన్ మంథన్: ఇవేమిటి?

చెకుముకి సైన్స్ సంబరాలు జన విజ్ఞాన వేదిక నడుపుతుంది. హైస్కూలు పిల్లలు జట్టుగా రాస్తారు. స్కూలు, మండలం, జిల్లా, రాష్ట్రం అని మెట్లు. మొదటిసారి పోటీకి వెళ్లే పిల్లలకు ఇంతకంటే మంచి మొదలు లేదు, ఎందుకంటే తెలుగులో ఉంటుంది, పక్క ఊరి పిల్లలతో స్నేహం కుదురుతుంది. కౌశల్ క్విజ్, పోస్టర్ల పోటీ. భారతీయ విజ్ఞాన మండలి, ఆప్‌కాస్ట్ కలిసి పెడతాయి. విద్యార్థి విజ్ఞాన్ మంథన్ జాతీయ స్థాయి పరీక్ష, 6 నుంచి 11వ తరగతి వరకు, ఇంట్లో ఫోన్‌లోనే రాయొచ్చు, చిన్న ఫీజు ఉంటుంది.

స్కూల్లో ఒలింపియాడ్ అని ఫీజు కట్టించుకున్నారు. అది అంతర్జాతీయ ఒలింపియాడేనా?

చాలామటుకు కాదు. ఒలింపియాడ్ అనే పేరుతో ప్రైవేటు సంస్థలు పెట్టే పరీక్షలు బోలెడున్నాయి. అవి రాయడం వల్ల నష్టమేమీ లేదు, కానీ వాటి పతకంతో భారత జట్టులోకి వెళ్లలేరు.

అసలు దారి ఇది. భౌతిక, రసాయన, జీవ, ఖగోళ శాస్త్రాలకు, పదో తరగతి వరకు చదివే పిల్లలకైతే జూనియర్ సైన్స్‌కు నవంబరులో తొలి పరీక్ష జరుగుతుంది. ఫిజిక్స్ టీచర్ల సంఘమైన ఐఏపీటీ దీన్ని పెడుతుంది. అందులో నెగ్గినవాళ్లకు తర్వాతి దశ, ఆపైన శిక్షణ శిబిరం, చివరికి జట్టు ఎంపిక. ఇవన్నీ ముంబయిలోని హోమీభాభా విజ్ఞాన విద్యా కేంద్రం చూసుకుంటుంది. గణితానికి విడిగా ఐఓక్యూఎం అనే తొలి పరీక్ష ఉంది. పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో లెక్క మీద గంట కూర్చోవడానికి ఇష్టపడే పిల్లలకు మాత్రమే ఇది చెప్పండి. ర్యాంకు కోసం బలవంతంగా రాయించొద్దు.

ఇస్రోకు పిల్లలను తీసుకెళ్తారట, నిజమేనా?

నిజం. యువిక అంటారు, 2019లో మొదలైంది. తొమ్మిదో తరగతి పిల్లలను మే నెలలో రెండు వారాలపాటు శ్రీహరికోట, హైదరాబాద్, తిరువనంతపురం, బెంగళూరు వంటి కేంద్రాల్లో ఉంచి శాస్త్రవేత్తలతో పాఠాలు చెప్పిస్తారు. ప్రయాణం, వసతి ఖర్చు ఇస్రోదే.

ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకు 50 శాతం, ఆన్‌లైన్ క్విజ్‌కు 10 శాతం వెయిటేజీ ఇస్తూ వచ్చారు. సైన్స్ ఫెయిర్, ఒలింపియాడ్, ఆటలకు స్థాయిని బట్టి 2 నుంచి 10 శాతం. స్కౌట్స్, ఎన్‌సీసీకి 5. గ్రామ పంచాయతీ పరిధిలోని బడిలో చదివితే ఏకంగా 15 శాతం! మందస, మెంటాడ పిల్లలకు ఇది ఎంత పెద్ద అవకాశమో చూడండి. రిజిస్ట్రేషన్ ఫిబ్రవరి, మార్చిలో ఉంటుంది. ఎనిమిదిలో ఉండగానే జిల్లా సైన్స్ ఫెయిర్ సర్టిఫికెట్ భద్రంగా దాచిపెట్టుకోవాలి.

మావాడికి ఇంగ్లీషు రాదు. జాతీయ స్థాయికి వెళ్తే నవ్వులపాలవుతాడేమో?

అవ్వడు. ఇన్‌స్పైర్ ఆలోచనను తెలుగులోనే పంపొచ్చు. జాతీయ ప్రదర్శనల్లో తమిళం, ఒడియా, మరాఠీ మాత్రమే వచ్చిన పిల్లలు ఎందరో వస్తారు, ఒకరి భాష ఒకరికి వివరించడానికి పక్కన గైడ్ టీచర్లు ఉంటారు. కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) ఇచ్చే పిల్లల ఇన్నోవేషన్ అవార్డుకు మాత్రం ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి. 2002లో మొదలైన ఈ అవార్డు 18 ఏళ్ల లోపు వారికి, మొదటి బహుమతి లక్ష రూపాయలు. రాతపనిలో ఇంగ్లీషు టీచర్ సాయం అడగండి. సీతంపేట ఏజెన్సీ పిల్లలు సవర భాషలో ఆలోచించి తెలుగులో చెబుతారు. వాళ్లకు ఇంకాస్త టైమ్ ఇవ్వండి, అంతే.

అమ్మాయిని అంత దూరం పంపాలంటే భయంగా ఉంది.

మీ భయం అర్థమవుతుంది. ఎవరితో వెళ్తోంది, ఎక్కడ ఉంటుంది, మహిళా టీచర్ వెంట ఉన్నారా, ఈ మూడూ రాతపూర్వకంగా హెచ్‌ఎం గారిని అడగండి. అడగడం మీ హక్కు. వీలైతే ఆ టీచర్‌తో ముందే ఒకసారి మాట్లాడండి. అన్నీ సరిగ్గా ఉంటే మాత్రం దయచేసి ఆపకండి. ఎన్నో మంచి ప్రాజెక్టులు జిల్లా స్థాయిలో గెలిచి కూడా ఇంటి గడప దగ్గరే ఆగిపోయాయి.

75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు ఆజాదీశాట్ ఉపగ్రహానికి పరికరాలు తయారుచేశారు. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం విఫలమై అది కక్ష్యలోకి చేరలేదు. 2023 ఫిబ్రవరి 10న రెండో ఉపగ్రహం చేరింది. వాళ్లందరూ ఎవరో ఒకరు ఇంట్లోంచి బయటికి పంపిన అమ్మాయిలే. నవోదయ విద్యాలయాలు కేంద్రంగా, తొమ్మిది నుంచి ఇంటర్ వరకు చదివే అమ్మాయిల కోసం విజ్ఞాన్ జ్యోతి అనే కేంద్ర పథకం కూడా ఉంది.

పదో తరగతిలో ఇదంతా టైమ్ వేస్ట్ కాదా? ట్రిపుల్ ఐటీ సీటుకు ఏమైనా ఉపయోగమా?

సూటిగా చెబుతాను. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ సీటుకు పదో తరగతి మార్కులే ప్రధానం. సైన్స్ ఫెయిర్ సర్టిఫికెట్‌తో సీటు రాదు. అందుకే ప్రాజెక్టు పనిని ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో పెట్టుకోవడం మంచిది. పదిలో ఉన్న పిల్లలు ఇప్పటికే మొదలుపెట్టిన పనిని డిసెంబరు లోపు ముగించాలి. వాళ్ల మీద కొత్త టెన్షన్ పెట్టకండి.

జిల్లాలు విడిపోయాయి కదా, మేం ఏ జిల్లా పోటీకి వెళ్లాలి?

2022 ఏప్రిల్ 4 నుంచి రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. బడి ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా డీఈఓ ఆఫీసు, జిల్లా సైన్స్ అధికారే చూస్తారు. ఇల్లు ఎక్కడన్నది లెక్కలోకి రాదు.

"మీ బాబు యంగ్ సైంటిస్ట్ అవార్డుకు ఎంపికయ్యాడు, రిజిస్ట్రేషన్‌కు ఐదు వేలు పంపండి" అని మెసేజ్ వచ్చింది. పంపమంటారా?

పైసా పంపకండి. మీ బాబు ప్రాజెక్టు చూడకుండా, ఒక్క ప్రశ్న అడగకుండా ఎంపిక చేశారంటే వాళ్లకు కావాల్సింది ప్రతిభ కాదు. షీల్డుకు ఇంత, సన్మానం ఫొటోకు ఇంత అని రేట్లు పెట్టి పల్లెటూరి తల్లిదండ్రుల ఆశతో వ్యాపారం చేసే ఈ పద్ధతి చూస్తే కడుపు మండుతుంది. కూలి డబ్బు దాచుకుని కట్టినవాళ్లు ఉన్నారు.

పేరున్న ప్రభుత్వ పురస్కారాల్లో దరఖాస్తుకు డబ్బు తీసుకోరు. ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం అలాంటిదే. 5 నుంచి 18 ఏళ్ల వరకు, అందులో శాస్త్ర సాంకేతిక విభాగం కూడా ఉంది. కేంద్ర పురస్కారాల పోర్టల్‌లో ఎవరైనా నామినేట్ చేయొచ్చు, సాధారణంగా జూలై ఆఖరు వరకు గడువు ఉంటుంది. అనుమానం వస్తే డీఈఓ ఆఫీసులో అడగండి.

విదేశాల్లో జరిగే పోటీలకు మన పిల్లలు వెళ్లగలరా?

వెళ్లగలరు. అమెరికాలో 1950 నుంచి జరుగుతున్న ఐసెఫ్ పోటీకి 60కి పైగా దేశాల నుంచి హైస్కూలు పిల్లలు వస్తారు. మన దేశం నుంచి ఐరిస్ జాతీయ ఫెయిర్ ద్వారా ఎంపిక చేస్తారు. దానికి పంపాలనుకుంటే నిబంధనలు ముందే చదవాలి. మనుషుల మీద సర్వే చేసినా, జంతువుల మీద ప్రయోగం చేసినా పని మొదలుపెట్టక ముందే అనుమతి కాగితాలు ఉండాలి. ఇంట్లో బ్యాక్టీరియా పెంచడం అసలు కుదరదు. పని అంతా అయ్యాక అనుమతి తెచ్చుకుంటాం అంటే ఒప్పుకోరు.

మా బడిలో ల్యాబ్ లేదు. ఎవరిని అడగాలి?

చుట్టూ చాలామంది ఉన్నారు. అడిగేవాళ్లే తక్కువ. వరి మీదైతే రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం, నైర వ్యవసాయ కళాశాల. ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం. చిరుధాన్యాలకు విజయనగరం పరిశోధన స్థానం. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలో జేఎన్‌టీయూ, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం. సముద్రం గురించైతే విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం. హెచ్‌ఎం సంతకంతో ఒక పేజీ లెటర్ పట్టుకెళ్లండి. అందులో పిల్లల ప్రశ్న ఒక్క వాక్యంలో ఉండాలి, మీకు కావాల్సిన సాయం రెండో వాక్యంలో. పిల్లలను వెంట తీసుకెళ్లండి. పిల్లలు నోరు తెరిచి అడిగితే కాదనే శాస్త్రవేత్తను నేనింతవరకు చూడలేదు.

దగ్గర్లోని బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే మీ హెచ్‌ఎం ద్వారా ఆ హెచ్‌ఎంతో మాట్లాడించండి. 20 లక్షల రూపాయల దాకా గ్రాంటుతో పెట్టిన ల్యాబులు అవి, చుట్టుపక్కల పిల్లలూ వాడుకోవాలన్నదే ఉద్దేశం.

ఇంటర్ అయ్యాక ఇంజినీరింగ్ కాకుండా సైన్స్ చదువుతానంటోంది. డబ్బు సాయం ఉంటుందా?

ఉంటుంది, చాలామందికి తెలియదు. ఇన్‌స్పైర్ ఉన్నత విద్యా స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 నేరుగా, 20,000 వేసవి పరిశోధనకు. ఇంటర్ బోర్డులో టాప్ 1 శాతంలో ఉండాలి, లేదా జేఈఈ, నీట్‌లలో 10,000 లోపు ర్యాంకు ఉండాలి. ఆపైన బీఎస్సీ గానీ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ గానీ చేరాలి. డిగ్రీలో చేరిన మొదటి ఏడాదే దరఖాస్తు చేయాలి. 1999లో మొదలైన కేవీపీవై (కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన) స్కాలర్‌షిప్ ఇప్పుడు లేదు, 2022లో దాన్ని ఇన్‌స్పైర్‌లోనే కలిపేశారు.

చదువు ఎక్కడ అంటే, సైన్స్ చదువు, పరిశోధన కోసం కేంద్రం పెట్టిన సంస్థలు ఐసర్లు. తిరుపతి ఐసర్ అందరికీ తెలుసు. మనకు అంతకంటే దగ్గర ఇంకొకటి ఉంది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే బరంపురంలో 2016 నుంచి ఐసర్ నడుస్తోంది. పలాసలో రైలెక్కితే రెండు గంటల్లోపే. ఐసర్లన్నింటికీ ఒకటే ప్రవేశ పరీక్ష. బీఎస్సీలో ఉన్న పిల్లలు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయాలి. రెండు నెలలు పెద్ద ల్యాబులో పని, స్టైపెండ్. కాలేజీ లెక్చరర్లకూ ఇందులో అవకాశం ఉంది.

మా అబ్బాయి పీహెచ్‌డీ చేస్తున్నాడు. అతని స్థాయిలో ఏమున్నాయి?

1951 నుంచి జర్మనీలోని లిండావులో నోబెల్ గ్రహీతలతో యువ పరిశోధకుల సమావేశాలు జరుగుతున్నాయి, 35 ఏళ్ల లోపు వారికి. ఉద్యోగంలో చేరాక భారత జాతీయ యువ సైన్స్ అకాడమీ ఉంది, 2014లో ఏర్పడింది. 45 ఏళ్ల లోపు శాస్త్రవేత్తలకు విజ్ఞాన్ యువ శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం. ఇలాంటివారు సెలవులకు ఊరొచ్చినప్పుడు తాము చదివిన బడికి ఒక్క పూట వెళ్లి తమ పని గురించి చెబితే పిల్లలకు ఎంత మేలో మాటల్లో చెప్పలేను. వాళ్లను పిలవండి. చాలామంది పిలుపు కోసమే చూస్తుంటారు.

ఏ నెలలో ఏది చూసుకోవాలి? ఒక్క ముక్కలో చెప్పండి.

జూన్‌లో పిల్లల ఆలోచనలు రాయించండి. జూలైలో బాల పురస్కారం గడువు చూడండి. ఆగస్టులో ఇన్‌స్పైర్ నామినేషన్, ఒలింపియాడ్ రిజిస్ట్రేషన్. దసరా సెలవుల్లో సైన్స్ కాంగ్రెస్ రిపోర్టు. నవంబరులో ఒలింపియాడ్ తొలి పరీక్ష, అదే నెలలో డిగ్రీ పిల్లల వేసవి ఫెలోషిప్ దరఖాస్తు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవానికి బడిలోనే చిన్న ప్రదర్శన పెట్టి, ఆ వారంలోనే తొమ్మిదో తరగతి పిల్లలతో యువిక రిజిస్ట్రేషన్ చేయించండి. ఈ కాగితం స్టాఫ్ రూములో గోడకు అతికించుకుంటే సరిపోతుంది.